ఒకే ముహూర్తం... ఇద్దరు పెళ్ళికూతుళ్ళు!

ప్రాణస్నేహితురాళ్ళు ఇద్దరు. ఇద్దరికీ పెళ్ళి కుదిరింది. తీరా చూస్తే ఇద్దరి పెళ్ళీ ఒకే రోజు! ఒకరి పెళ్ళికి మరొకరు వెళ్ళే దారి లేదు. అక్కణ్ణించి మొదలవుతుంది గొడవ.

ఈ నాలుగు ముక్కలూ తీసుకుపోయి మన నిర్మాతలకెవరికైనా వినిపించండి. "బాగానే ఉందిగానీ, ఇందులో హీరో ఎక్కడున్నాడయ్యా?" అంటారు. హాలీవుడ్‌వాళ్ళు ఆ ప్రశ్న వేసుకోలేదు. 2009 జనవరిలో 'బ్రైడ్ వార్స్' అని పేరుపెట్టి చిత్రాన్ని జనం మీదికి వదిలారు. దర్శకుడు గ్యారీ వినిక్. పెళ్ళికూతుళ్ళు కేట్ హడ్సన్, ఆన్ హాథవే. హడ్సన్ ఆ చిత్ర నిర్మాతల్లో కూడా ఒకరు. హీరో ఏడీ అని అడిగేవాళ్ళు అందుకే లేకపోయారు కాబోలు!

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. లివ్, ఎమ్మా అని ఇద్దరు. చిన్నప్పుడు న్యూయార్కులోని ప్లాజా హోటల్లో ఒక పెళ్ళి చూసి మురిసిపోతారు. పెద్దయ్యాక మనం కూడా ఇక్కడే, జూన్ నెలలోనే చేసుకోవాలి అని ఒట్టేసుకుంటారు. ఇరవై ఏళ్ళు గడుస్తాయి. ఒకరు లాయరు, ఒకరు స్కూలు టీచరు. ఇంచుమించు ఒకేసారి ఇద్దరికీ సంబంధాలు ఖాయమవుతాయి. పెళ్ళిళ్ళు జరిపించే పెద్దావిడ (కాండిస్ బెర్గెన్) దగ్గరికి వెళ్ళి చెరొక తేదీ తీసుకుంటారు. ఆవిడ దగ్గరి గుమాస్తా పుస్తకంలో రాసేటప్పుడు పొరపాటు చేస్తుంది. రెండు పెళ్ళిళ్ళూ ఒకే రోజున పడతాయి. నువ్వు మార్చుకో అంటే నువ్వు మార్చుకో. ఇద్దరూ మార్చుకోరు.

ఇక చూడండి... ఒకామె రెండోదానికి రోజూ మిఠాయిలు పంపిస్తుంది, లావెక్కి పెళ్ళి గౌను పట్టకుండా పోవాలని! రెండోది ఊరుకుంటుందా? మొదటిదానికి ఒంటిరంగు వేసేచోట రంగు మార్పించి నారింజపండులా తయారుచేస్తుంది. జుట్టుకు నీలిరంగు పడుతుంది. చివరికి పెళ్ళిమంటపంలో తెల్లగౌన్లతో ఇద్దరూ కిందపడి కొట్టుకుంటారు. ఆ కొట్టుకోవడంలోనే నవ్వొచ్చి కలిసిపోతారు. ఒక పెళ్ళి జరుగుతుంది, ఒకటి ఆగిపోతుంది. ఆగినామె తర్వాత రెండోదాని తోబుట్టువును చేసుకుంటుంది. సుఖాంతం!

అమెరికా విమర్శకులు ఈ చిత్రాన్ని చెండాడారు. ఆడవాళ్ళని మరీ ఇంత తేలిక చేస్తారా అన్నారు. డబ్బు మాత్రం రానే వచ్చింది. 2015లో చైనావాళ్ళు తమ భాషలో మళ్ళీ తీసుకున్నారు. వినిక్ 2011లోనే చనిపోయాడు, పాపం, ఆ ముచ్చట చూడలేదు. 2025 జనవరిలో ఇలాంటిదే ఇంకొకటి వచ్చింది, 'యూ ఆర్ కార్డియల్లీ ఇన్వైటెడ్' అని. అందులో ఒక చిన్న ద్వీపంలోని ఒకే విడిదికి ఒకే రోజు రెండు పెళ్ళిళ్ళవాళ్ళు దిగుతారు. కొట్టుకునేది మాత్రం పెళ్ళికూతుళ్ళు కాదు, ఒకరి నాన్న, ఇంకొకరి అక్క!

ఈ గొడవ అమెరికావాళ్ళకేనా? ప్లాజా హోటలు లేకపోతే మనకు గొడవ లేదా? ఉందండీ. మా ఇంట్లోనే జరిగింది.

హోటలు కాదు, పంచాంగం!

మాది వికారాబాదు. అనంతగిరి గుట్టలు, మూసీ పుట్టిన చోటు అంటే హైదరాబాదువాళ్ళు ఆదివారం కార్లేసుకుని వచ్చేస్తారు. అక్కణ్ణించి రైలెక్కితే గోధుమగూడ, ధారూరు, రుక్మాపూరు దాటగానే తాండూరు. 40 కిలోమీటర్లు ఉంటుందేమో. బండల ఊరు అది. తెలుగిళ్ళల్లో కాళ్ళకింద పరిచిన నున్నటి తాండూరు బండ అక్కడిదే. కందిపప్పుకూ పేరు. 2022లో ఆ కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కర్ణాటక సరిహద్దు పక్కనే కాబట్టి తెలుగు మాట సగంలో ఉర్దూలోకి, ఉర్దూ సగంలో కన్నడంలోకి పోతూ ఉంటుంది. 2016లో కొత్త జిల్లాలు చేసినప్పుడు రెండూళ్ళూ ఒకే జిల్లాలో పడ్డాయి.

మా చెల్లెలిది వికారాబాదు. ఆమె ప్రాణస్నేహితురాలిది తాండూరు. పేర్లెందుకు లెండి, ఇద్దరూ కాపురాలు చేసుకుంటున్నారు. డిగ్రీ మూడేళ్ళూ ఆ అమ్మాయి పొద్దున రైలుకు వచ్చి సాయంత్రం రైలుకు పోయేది. బండి ఆలస్యమైన రోజు మా ఇంట్లోనే అన్నం, మా ఇంట్లోనే పడక. మా అమ్మ ఆ పిల్లకు విడిగా ఒక కంచం పెట్టేసింది. ప్లాజా హోటల్లో ఒట్టేసుకున్నట్టే వీళ్ళూ వేసుకున్నారు, మా డాబామీద. నీ పెళ్ళికి నేను తోడు పెళ్ళికూతురిని, నా పెళ్ళికి నువ్వు. పసుపు దంచేనాటి నుంచి అప్పగింతలదాకా పక్కనుంచి కదలకూడదు.

2024 మొదట్లో ఇద్దరికీ సంబంధాలు కుదిరాయి. మాటలు తేలి, బట్టలబేరాలు తేలి, ఎవరు ఎవర్ని పిలవాలో తేలేసరికి ఏప్రిల్ అయిపోవచ్చింది. అక్కడ పడింది మెలిక. ఆ ఏడు ఏప్రిల్ చివర్లో శుక్రమౌఢ్యం వచ్చింది. అది జూన్ చివరిదాకా పోలేదు. మధ్యలో మే నుంచి గురుమౌఢ్యం కూడా వచ్చి కూర్చుంది. మౌఢ్యమంటే మరేం కాదు, ఆ గ్రహం సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి కంటికి కనిపించకుండా పోవడం. జనం మాటలో మూఢం. మూఢంలో పెళ్ళిముహూర్తం పెట్టరు. అది పోయిందనుకుంటే జూలై మొదట్లో ఆషాఢం. అదీ పనికిరాదు. అంటే మామూలుగా బాజాలు హోరెత్తే వేసవంతా నోరు మూసుకుని, ఆగస్టు 5న శ్రావణం వచ్చేదాకా ఆగాలి. అన్నిళ్ళవాళ్ళూ అలాగే ఆగారు మరి! ఆగినవాళ్ళందరూ ఒక్కసారి శ్రావణం మీద పడ్డారు. అవే ఫంక్షన్ హాళ్ళు, అవే బ్యాండు మేళాలు, అవే వంటవాళ్ళు, అదే పంతులుగారు.

హాలీవుడ్ కథకు ఒక గుమాస్తా పొరపాటు కావలసి వచ్చింది. మనకు పంచాంగమే చాలు.

మా బావగారు అమెరికాలో ఉద్యోగం. మూడు వారాల సెలవు. ఆ మూడు వారాల్లోనే కానిచ్చెయ్యాలి. తాండూరు అమ్మాయికి సేడం వైపు సంబంధం, కర్ణాటక. అటువాళ్ళ పంతులూ ఇటువాళ్ళ పంతులూ ఇద్దరూ సరే అన్న రోజు దొరకడమే గగనం. దొరికిన రోజు ఆదివారం. మాదీ అదే ఆదివారం. ఆమెది ఉదయం పదిన్నరకు, మాది పదకొండుకు కొంచెం ముందు. రైలు కాదుగదా, విమానమున్నా అందుకోలేరు!

చెల్లెలికి ఈ సంగతి ఎలా తెలిసిందంటారు? స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పలేదు. వాళ్ళ ఫొటోగ్రాఫరు తయారుచేసిన తేదీ బొమ్మ ఎవరో చుట్టాలమ్మాయి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. అది చూసింది. అప్పటికి తాండూరులో లగ్నపత్రిక రాసుకుని రెండు రోజులైంది.

ఆ రాత్రి ఫోన్లో మాటలు నేను పక్కగదిలోంచి విన్నాను. వినకూడదు, విన్నాను.

"ఊరందరికి తెల్సినంక నాకు తెల్వాల్నా?"

అటునుంచి ఏమందో గానీ, చెల్లెలు మళ్ళీ అంది. "నాయినతోని మాట్లాడి మార్పిద్దామనుకున్నవ్, మంచిగనే ఉంది. మార్పిచ్చినవా మరి?"

కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "నేనెట్ల మార్పిస్తనే? ఆయన సెలవు దొరకొద్దా? నీకు తెల్వదా?"

అంతే. ఫోన్ పెట్టేసింది. పందొమ్మిది రోజులు ఇద్దరికీ మాటల్లేవు. రోజుకు నాలుగుసార్లు మాట్లాడుకునే మనుషులు!

తెరమీద చెలికత్తె

ఆ పందొమ్మిది రోజుల్లోనే నేను 'బ్రైడ్ వార్స్' మళ్ళీ చూశాను. చూస్తూ మన సినిమాల్లో ఇలాంటిది ఎక్కడుందా అని వెతికాను. దొరకలేదు. మనవాళ్ళకు పెళ్ళి అంటే ఎంత మోజో చెప్పక్కర్లేదు. 1952లో విజయావారి 'పెళ్ళి చేసి చూడు' నుంచి 2016లో 'పెళ్ళి చూపులు' దాకా పేరులోనే పెళ్ళి పెట్టుకున్న చిత్రాలు ఎన్నో! ఆడవాళ్ళిద్దరి మధ్య పెళ్ళి చిచ్చు పెట్టిన కథలూ ఉన్నాయి. అయితే ఆ చిచ్చుకు కారణం ఎప్పుడూ మగవాడే. శ్రీధర్ తీసిన 'పెళ్ళి కానుక' (1960)లో అక్కచెల్లెళ్ళిద్దరూ అక్కినేనినే ప్రేమిస్తారు, ఒకరు త్యాగం చేస్తారు, జనం జేబురుమాళ్ళు తడుపుకుంటారు. యాభై ఏళ్ళ తర్వాత 2010లో 'బృందావనం' వచ్చింది. వంశీ పైడిపల్లి దర్శకుడు. స్నేహితురాలు కాజల్‌కు ఇష్టంలేని పెళ్ళి తప్పించడానికి సమంత తన ప్రియుడు ఎన్టీఆర్‌నే ప్రియుడిగా నటించమని పంపిస్తుంది. ఎంత స్నేహమో చూడండి! కానీ కాసేపటికి అదీ 'ఎవరికి దక్కుతాడు?' అన్న దారిలోకే వెళ్ళిపోతుంది.

మగ స్నేహితులకైతే ఇబ్బంది లేదు. 2018లో తరుణ్ భాస్కర్ 'ఈ నగరానికి ఏమైంది' తీశాడు. ఒకడి పెళ్ళి పుణ్యమా అని నలుగురు మిత్రులు గోవాలో తేలతారు, ఉంగరం పోగొట్టుకుంటారు, పాత గాయాలు కెలుక్కుంటారు. వాళ్ళ స్నేహమే కథ. ఆడపిల్లల స్నేహానికి అంత చోటు ఎవరిచ్చారు? పాత చిత్రాల్లో హీరోయిన్ స్నేహితురాలంటే ఉత్తరాలు మోసే మనిషి. చివరి రీలులో హాస్యనటుడి పక్కన నిలబెట్టి దండలు వేయించేవారు. రమాప్రభ, గీతాంజలి వంటి గట్టి నటీమణులు ఉన్నారు కాబట్టి ఆ పాత్రలు బతికాయి. రాసినవాళ్ళ గొప్ప కాదది.

ఈ విషయంలో కాళిదాసే నయం. శకుంతల అత్తవారింటికి బయల్దేరినప్పుడు అనసూయ, ప్రియంవద ఏడుస్తారు. వీళ్ళు కూడా నా వెంట రారా అని శకుంతల తండ్రిని అడుగుతుంది. వాళ్ళకూ పెళ్ళిళ్ళు చెయ్యాలి కదమ్మా, అక్కడికి రావడం తగదు అంటాడు కణ్వుడు. అంతే! ఒక్క మాటతో ముగ్గురి స్నేహం ఆశ్రమం గేటు దగ్గర ఆగిపోతుంది. కణ్వుడు మంచివాడే. కానీ ఆ పిల్లల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఈ కథను 1966లో కమలాకర కామేశ్వరరావు తీశారు, ఎన్టీఆర్, సరోజాదేవితో. 2023లో గుణశేఖర్ సమంతతో తీశాడు. శకుంతల ఉంగరం పోగొట్టుకోవడం అందరికీ గుర్తే. స్నేహితురాళ్ళను పోగొట్టుకోవడం ఎంతమందికి గుర్తుంది?

ఆ గుమాస్తా ఎవరు?

ఇప్పుడు ఒక నిజం ఒప్పుకోవాలి. పంచాంగం మీద నెపం పెట్టి తప్పించుకుందామనుకున్నాను గానీ, రాస్తూ రాస్తూ ఇక్కడికొచ్చాక కలం కదలడం లేదు.

మా పంతులుగారు రెండు రోజులు ఇచ్చారు. ఆదివారం ఒకటి, ఆ తర్వాతి బుధవారం ఒకటి. రెండూ మా బావగారి సెలవులోవే. హాలు మాట్లాడి అడ్వాన్సు కట్టడానికి వెళ్ళింది నేను. రెండు రోజులూ ఖాళీ ఉంది. బుధవారమైతే అద్దె కూడా తక్కువ. "ఆదివారమైతే ఆఫీసులవాళ్ళంతా వస్తారు, మంది నిండుగా ఉంటారు" అనుకుని ఆదివారం రాయించేశాను. ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. ఆయన భేష్ అన్నాడు. చెల్లెల్ని అడగాలన్న ఆలోచనే మా ఇద్దరికీ రాలేదు. అదే వంటింట్లో ఉంది ఆమె, పది అడుగుల దూరంలో.

సినిమాలో లివ్, ఎమ్మా తేదీ మార్చుకోగలరు, మార్చుకోరు. అదంతా వాళ్ళ పంతం. అందుకే చూసేవాళ్ళకు నవ్వొస్తుంది. మా పిల్లలిద్దరూ మార్చుకోవాలనుకున్నారు. కానీ తేదీ వాళ్ళ చేతిలో లేదు. తేదీ పెట్టినవాళ్ళం మేమంతా హాయిగా శుభలేఖల మోడళ్ళు చూసుకుంటున్నాం. తగువు మాత్రం వాళ్ళిద్దరి మధ్య. మీ నాయినకు ఒక్కమాట చెప్పలేకపోయినవా అని ఈమె, మీ అన్నకు చెప్పలేకపోయినవా అని ఆమె.

శుభలేఖ ఇచ్చిరమ్మని నన్నే పంపారు తాండూరుకు. చెల్లెలు కార్డుమీద పేరు కూడా రాసివ్వలేదు, నేనే రాసుకున్నాను. రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. మూడేళ్ళపాటు ఆ పిల్ల రోజూ చూసిన పొలాలే కదా ఇవి అనిపించింది. కందిచేలు అప్పుడప్పుడే మోకాలెత్తుకు వస్తున్నాయి.

ఇంటినిండా చుట్టాలు. పందిరిగుంజలు దింపుతున్నారు. ఆ అమ్మాయి బయటికొచ్చి, మంచినీళ్ళిచ్చి, కార్డు రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకుంది. తర్వాత తలెత్తకుండా అడిగింది.

"అన్నా, బుధవారం గూడ ఉండెనంట గద?"

ఎవరు చెప్పారో తెలియదు. పంతులుగారు రెండూళ్ళూ తిరిగే మనిషి. "ఉండెనమ్మా" అన్నాను. అబద్ధమాడి ఏం లాభం?

"అది నీకు తెల్వదేమో అనుకున్న. పోనీ తియ్" అంది. 'అది' అంటే మా చెల్లెలికి ఆమె స్నేహం సంగతి తెలియదనా, నాకు తెలియదనా? ఈనాటికీ అర్థం కాలేదు నాకు. అడగనూ లేదు.

బయల్దేరుతుంటే వాళ్ళ నాన్న ఒక సంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. పది కిలోల కందిపప్పు, వాళ్ళ చేనిది. "మా బిడ్డ చెప్పింది, దోస్తు పెండ్లిల పప్పు మనదే ఉండాలె అన్నది. అది రాకున్నా మా పప్పన్న వస్తది గద సార్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు ఆ పెద్దాయన. పది కిలోల బరువు చేతిలో ఉండగా స్టేషను వరకు ఆటో ఎక్కాలని కూడా తోచలేదు నాకు.

ఇంటికొచ్చి సంచి వంటింట్లో దించాను. "ఇదెందుకు తెచ్చినవ్?" అంది చెల్లెలు. చెప్పాను. బుధవారం సంగతి కూడా చెప్పాను. ఏమీ అనలేదు. అన్నం తినకుండా పడుకుంది. పొద్దున్నే లేచి చూస్తే డాబామీద ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. రెండు గంటలు మాట్లాడారు. ఏం మాట్లాడుకున్నారో ఈసారి నేను వినలేదు. నాతో మాత్రం రెండు రోజులు ముభావంగానే ఉంది. ఉండాల్సిందే.

కలుసుకున్నారా అంటే, లేదు. పెళ్ళికూతురిని చేశాక పొలిమేర దాటనివ్వరు. దానికి ముందు బట్టలు కుట్టించడాలు, చుట్టాలింట్లో భోజనాలు... ఆ ఆదివారం రెండూళ్ళలోనూ బాజాలు మోగాయి. మా హాలు నిండింది. నేను కోరుకున్నట్టే ఆఫీసులవాళ్ళంతా వచ్చారు. తోడు పెళ్ళికూతురుగా మా పిన్ని కూతుర్ని కూర్చోబెట్టారు. పాపం చిన్నపిల్ల, తలంబ్రాల సమయానికి కునికిపాట్లు పడింది. భోజనాల్లో పప్పు బాగుందని అందరూ అన్నారు. చెల్లెలు అత్తవారింటి పంక్తిలో కూర్చుని రెండుసార్లు వడ్డించుకుంది. వంటవాణ్ణి పిలిచి, "అదే పప్పేనా?" అని అడిగిందట.

దసరాకు ఆ అమ్మాయి సేడం నుంచి పుట్టింటికి వచ్చింది, బతుకమ్మకు. చెల్లెలికి ఇంకా వీసా రాలేదు, ఇక్కడే ఉంది. పెళ్ళివీడియో ఉన్న పెన్‌డ్రైవు సంచిలో వేసుకుని తాండూరు రైలెక్కింది. నన్నూ తోడు రమ్మంది. వెళ్ళాను. వాళ్ళింట్లో టీవీ ముందు చాపేసుకుని ఇద్దరూ కూర్చున్నారు. ముందు వాళ్ళది, తర్వాత మాది. ఒక్కొక్కటి మూడు గంటలు! పెళ్ళివీడియోను ముందుకు జరపకుండా మొత్తం చూసినవాళ్ళను నేను జీవితంలో ఆ ఇద్దర్నే చూశాను. డ్రోను తీసిన కొబ్బరిచెట్లు, గులాబీరేకుల్లోంచి తేలి వచ్చే పేర్లు, వెనకాల వచ్చే సినిమా పాటలు, అన్నీ చూశారు. జీలకర్రబెల్లం దగ్గర చెల్లెలు ఒక్కసారిగా ముందుకు వంగింది.

"ఆపు, ఆపు. వెనకకు తీయ్ జెర."

ఆ అమ్మాయి వెనక్కి జరిపింది.

"బాసింగం వంకర కట్టిండ్రు గదనే నీకు! పక్కనున్నోళ్ళెవ్వలు చూసుకోలేదా?"

"పక్కన మా వదినె ఉండె. ఆమెకేం తెల్సు" అంది ఆ అమ్మాయి. "నీది గూడ పెట్టు. నీదెట్ల కట్టిండ్రో చూస్త."